సుగ్గికి వెళ్ళే ఆడవాళ్ళ మనోవేదన ఏ జిల్లా బాధ్యత? – రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీకి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అధ్యక్షులకు, సభ్యులకు, వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, కర్నూలు, గుంటూరు, పల్నాడు జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలు.

కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆలూరు, హాలహర్వి ప్రాంతాల నుంచి, ఏటా దసరా దాటిన దగ్గర నుంచి పత్తి తీతకూ, ఆ తరువాత మిరప కోతకూ వేల కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల వైపు తరలిపోవడం మీకు తెలిసిన విషయమే. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. తుంగభద్ర పక్కనే పారుతున్నా నీరందని చేల గురించీ, ఏళ్ళ తరబడి సాగుతున్న ప్రాజెక్టుల గురించీ, అప్పుల గురించీ చాలామంది రాశారు కాబట్టి వాటిని ఇక్కడ మళ్ళీ ఎత్తను. తాళాలు వేసిన ఇళ్ళ ఫోటోలు కూడా పత్రికల్లో ఏటా చూస్తూనే ఉన్నాం. ఈ లేఖ సుగ్గికి వెళ్ళే ఆడవాళ్ళ మానసిక ఆరోగ్యం గురించి మాత్రమే. ఇది నేరుగా మీ అథారిటీ పరిధిలోకి వచ్చే విషయం కాబట్టి మీకే రాస్తున్నాను.

మిరప చేలో పని పొద్దున్నే మొదలవుతుంది. దానికి చాలా ముందే ఆడమనిషి లేచి, గుడారం బయట మూడు రాళ్ళ పొయ్యి వెలిగించి, రెండు పూటలకు వండి, నీళ్ళు మోసి, పిల్లలకు తినిపించి, అప్పుడు చేలోకి దిగాలి. కిలోల లెక్కన కూలి కట్టే చోట నడుము వాల్చిన ప్రతి గడియా కూలిలో కోత పడుతుంది. కాయల ఘాటుకు వేళ్ళు రాత్రంతా మండుతుంటాయి, ఆ చేతులతోనే పసిబిడ్డను ఎత్తుకుని పాలివ్వాలి. మరుగుదొడ్డి ఉండదు కనుక చీకటి పడేదాకా ఓర్చుకోవడం, అందుకోసం పగలు నీళ్ళు తక్కువ తాగడం, దాని వల్ల మూత్రంలో మంట రావడం గుడారాల్లో మామూలైపోయాయి. ఊరుకాని ఊళ్ళో చీకట్లో బయటికి వెళ్ళాలంటే ఉండే భయం సరేసరి. కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న బయానా చాలావరకు భర్త పేరు మీదే ఉంటుంది. కూలి కూడా ఇంటిల్లిపాదికీ కలిపి చివర్లో లెక్క కట్టి అతని చేతికే ఇస్తారు. తాను ఎంత సంపాదించిందో ఆమెకు తెలియదు. అందులో ఎంత తాగుడుకు పోయిందో మాత్రం తెలుస్తుంది.

వీటికి తోడు పిల్లల బెంగ ఉంటుంది. ఊళ్ళో అవ్వ దగ్గర వదిలివచ్చిన చిన్నవాళ్ళు తిన్నారో లేదో తెలియదు. వదలలేక వెంట తెచ్చుకున్న ఎదిగిన ఆడపిల్లను గుడారంలో ఒంటరిగా ఉంచడానికి ధైర్యం చాలక బడి మాన్పించి చేలోకి తీసుకెళతారు. వలస వెళ్ళేవారి పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్ళు కొంత ఆసరా అయిన మాట నిజమే. అయినా వయసొచ్చిన పిల్లను ఎక్కడో ఉంచేకంటే పెళ్ళి చేసి పంపడమే నయమనుకునే తల్లులు ఇంకా ఉన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. ఆ పెళ్ళిళ్ళ వెనుక ఆచారం ఎంత ఉందో, వలసలో ఆడపిల్లకు కాపలా ఎవరన్న భయమూ అంతే ఉందని నా అభిప్రాయం.

ఇన్ని మోసే మనిషి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి తనకు డిప్రెషన్ ఉందని చెప్పదు. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, కాళ్ళు గుంజుతున్నాయని, తెల్లబట్ట అవుతోందని చెబుతుంది. తోటి ఆడవాళ్ళతోనైతే మనాది పట్టుకుందని అంటుంది. తెల్లబట్ట ఫిర్యాదు చాలా సందర్భాల్లో ఇన్ఫెక్షన్‌తో కంటే మానసిక వేదనతోనే ఎక్కువగా ముడిపడి ఉంటుందని గోవాలో జరిగిన పరిశోధనలు ఏనాడో చూపించాయి. అయినా ఆమెకు దొరికేది ఒక నొప్పి ఇంజెక్షనూ, బి-కాంప్లెక్స్ మాత్రలూ. అవస్థ తగ్గకపోతే, అప్పు చేసి ప్రైవేటు ఆస్పత్రికి పోతే, గర్భసంచి తీయించుకోమనే సలహా. 2015-16 నాటి కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరకడానికి వలస వెళ్ళే మహిళల మీద 2019లో ప్రభుత్వం నియమించిన కమిటీ జరిపిన సర్వేలో 82,309 మందిలో 13,861 మందికి ఈ ఆపరేషన్ జరిగినట్టు తేలింది. ఒక రోజు పనికి రాకపోతే జరిమానా కట్టాల్సిన చోట నెలసరి కూడా నష్టమే అవుతుంది. చిన్న వయసులో ఆ ఆపరేషన్ అయిన తరువాత వచ్చే వేడి ఆవిర్లనూ, నిద్రలేమినీ, చిరాకునూ, దిగులునూ పట్టించుకుని అడిగేవారు ఆమెకు ఎవరూ ఉండరు.

స్త్రీవాదులు మానసిక వైద్యాన్ని చాలాకాలంగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: ఆమె బాధకు కారణం ఆమె మెదడులో ఉందా, ఆమె చుట్టూ ఉందా? సుగ్గికి వెళ్ళే కూలి మహిళ విషయంలో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు, వైద్యం ఎలా చేయాలో తేల్చేది ఇదే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా కార్యక్రమంలో చదువు నేర్చుకున్న కూలి ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది, 1997లో దాన్ని ఎత్తివేయడం వేరే కథ. ఆనాడు ఆ ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా ఆస్పత్రికి పంపి ఉంటే చాలామందికి నిద్ర మాత్రలు రాసి ఇచ్చి ఉండేవారేమో. వాళ్ళు తమ నిద్రలేమికి మూలం ఏ దుకాణంలో ఉందో తెలుసుకుని దాని తలుపు మూయించారు. తమ బాధను నలుగురిలో చెప్పుకుని దానికి కారణాన్ని బయట వెతికే ఈ సంప్రదాయం మన కూలి మహిళలదే, ఎక్కడి నుంచో దిగుమతి చేసుకున్నది కాదు.

అలాగని మందులు వద్దని నేను వాదించడం లేదు. కాన్పు తరువాత మతి తప్పిన బాలింతకు, చెవిలో మాటలు వినిపించే మనిషికి, తిండీ నిద్రా మాని చావు గురించే ఆలోచించే మనిషికి మందు అవసరం, అది వెంటనే అందాలి. కూలి రేట్లు మారేదాకా, మేస్త్రీ పద్ధతి పోయేదాకా ఓపిక పట్టమని ఆమెకు చెప్పే హక్కు ఏ ఉద్యమానికీ లేదు. చికాకంతా ఇక్కడే ఉంది: కూలి, అప్పు, హింస వల్ల వచ్చిన బాధకు మన వ్యవస్థ మాత్రలు ఇచ్చి పంపుతుంది, మాత్రలు నిజంగా కావలసిన మనిషికి మాత్రం అవి అందకుండా పోతాయి.

ఎలా అందకుండా పోతాయో ఒక ఉదాహరణ చెబుతాను. మా వైపు ఒక బాలింతకు కాన్పు తరువాత జబ్బు చేస్తే ప్రభుత్వ ఆస్పత్రిలోనే వైద్యం మొదలుపెట్టారు, నెలకు సరిపడా మందులు ఇచ్చారు. మనిషి కొంత తేరుకునే సమయానికి సుగ్గికి వెళ్ళే కూలీల ముఠా బయలుదేరింది. బయానా తీసుకున్నారు కనుక వెళ్ళక తప్పలేదు. మందులు అయిపోయాక చేను దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళితే, ఆ మందు తమ దగ్గర ఉండదనీ, మీ జిల్లాకే వెళ్ళి తెచ్చుకోమనీ చెప్పి పంపారు. జబ్బు తిరగబెట్టింది. ఆమెను ఇంటికి పంపిన మేస్త్రీ బయానా కింద మిగిలిన బాకీని మాత్రం కుటుంబం లెక్కలోనే ఉంచాడు. ఇందులో ఏ ఒక్క ఉద్యోగీ చెడ్డవాడు కాదు. ఎవరి నిబంధన ప్రకారం వారు నడుచుకున్నారు. ఆ నిబంధనలన్నీ ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో ఏడాది పొడవునా ఉండే మనిషిని ఊహించుకుని రాసినవి.

ఇదే ప్రభుత్వం క్షయ రోగి విషయంలో అలా ఊహించుకోలేదు. రోగి వేరే జిల్లాకు వెళితే అతని వివరాలూ, మందులూ వెంట వెళ్ళే ఏర్పాటు ని-క్షయ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ ద్వారా ఎప్పటి నుంచో ఉంది. మనోవ్యాధుల మందులకు అదే పద్ధతిని పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సుగ్గికి బయలుదేరేముందు రెండు మూడు నెలల మందులు ఇవ్వడం, చికిత్స వివరాల కార్డు చేతికివ్వడం, చేరబోయే మండలంలోని వైద్యాధికారికి ముందే తెలపడం చాలు. వైద్యులు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మార్చి ఎండలో నీళ్ళు చాలినంత తాగకుండా పనిచేసే మనిషికి లిథియం రాస్తే అది ఒంట్లో విషంగా మారే ప్రమాదం ఉంది, కొన్ని ఇతర మందులు కూడా ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. చీకటితో లేవవలసిన మనిషికి మత్తెక్కించే మందు రాస్తే ఆమె దాన్ని రెండో రోజే మానేస్తుంది. కాబట్టి మందు రాసేముందు ఏం పని చేస్తావమ్మా, ఎక్కడ చేస్తావు అని అడగడం వైద్యంలో భాగం కావాలి.

లెక్కల సంగతికి వస్తాను. 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న మహిళలు 45,026 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసింది. అందులో గృహిణులు 23,178 మంది. అదే సంవత్సరం వ్యవసాయ కూలీల కింద నమోదైన మహిళలు 442 మంది. గ్రామాల్లో పని చేసే మహిళల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది వ్యవసాయంలోనే ఉన్న దేశంలో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. గృహిణిగా రాసిన ఆ వేలమందిలో నిన్నటిదాకా పత్తి తీసినవారూ, నాట్లు వేసినవారూ, మిరప కాయలు కోసినవారూ లేరంటే నమ్మశక్యం కాదు. బతికినంతకాలం కూలీగా లెక్కకు రాని మనిషి చనిపోయాక కూడా కూలీగా లెక్కకు రాదు. అందువల్ల ఆమె చావు ఇంటి గొడవగా ముగిసిపోతుంది, పని పరిస్థితుల మీదికి విచారణ వెళ్ళదు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలను తీసుకుంది, వాటిలో మన రాష్ట్రం లేదు. ఇకపై ఇక్కడ ఏ సర్వే జరిగినా ఇంటింటికీ తిరిగే బృందం జనవరిలో కోసిగికి వస్తే దానికి కనిపించేది తాళాలే. సర్వే సుగ్గి కాలంలో గుడారాల దగ్గరికి వెళ్ళాలి.

చట్టం విషయంలో మన దగ్గర కొరత లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం లింగం, కులం, వర్గం వంటి ఏ వివక్షా లేకుండా ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఉంది. 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, ఆమెకు వైద్యమూ పునరావాసమూ కల్పించడం ప్రభుత్వ విధి అని చెబుతుంది. వాస్తవంలో చేను దగ్గర అలాంటిది జరిగితే కేసు అవుతుందన్న భయంతో రాత్రికి రాత్రే బండెక్కించి సొంత ఊరికి పంపేస్తారు. పురుగుమందుల డబ్బాలు గుడారాల పక్కనే పడి ఉండడం కూడా ఇక్కడ చెప్పక తప్పదు. అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించడం వల్ల శ్రీలంకలో ఆత్మహత్యలు భారీగా తగ్గాయి. ఆ డబ్బాలను తాళం వేసిన చోట, కూలీలు నిద్రపోయే స్థలానికి దూరంగా ఉంచేలా రైతుల చేత చేయించడం వ్యవసాయ శాఖకు ఒక ఆదేశంతో అయ్యే పని.

అదే చట్టంలో 14వ సెక్షన్ గురించి చాలామంది వైద్యులకే తెలియదేమోనని నా అనుమానం. తనకు జబ్బు చేసినప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో ఎవరైనా ముందుగా తెల్ల కాగితం మీద రాసి, సంతకం గానీ వేలిముద్ర గానీ వేసి నియమించుకోవచ్చు. అలా నియమించకపోతే ఆ అధికారం బంధువులకు పోతుంది, పెళ్ళయిన స్త్రీ విషయంలో ఆచరణలో అది భర్తకే పోతుంది. మన రాష్ట్రంలో ప్రతి పదిమంది వివాహితల్లో ముగ్గురు భర్త చేతిలో హింసకు గురైనట్టు కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది. కొట్టిన మనిషే ఆస్పత్రిలో ఆమె తరఫున మాట్లాడే పరిస్థితి ఎంతమందికి వస్తుందో ఊహించండి. ఒకే సాలులో పక్కపక్కన కాయలు కోసే స్నేహితురాలిని ఆమె తన ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పేవారు లేరు. బయలుదేరే ముందు ప్రతి ముఠాలోని ఆడవాళ్ళకూ ఈ కాగితం గురించి చెప్పి, కావాలన్నవారికి రాయించే బాధ్యతను గ్రామ సచివాలయ సిబ్బందికి అప్పగించవచ్చు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ గురించి మీరు చెప్పబోయే సమాధానం నాకు తెలుసు. 2022 అక్టోబరు 10న మొదలైన ఆ సేవ మంచిదే, 14416 నంబరుకు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ లేఖ చదివేవారిలో ఎవరికైనా బతకాలనిపించకపోతే దయచేసి ఆ నంబరుకు ఫోన్ చేయండి. కానీ మన రాష్ట్రంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు సగం మంది కూడా లేరని 2019-21 సర్వే చెబుతోంది. ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే, నలుగురు పడుకునే పట్టా గుడారంలో ఆ భర్త గురించి ఆమె ఫోనులో ఏం చెప్పగలదు? ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా వైపు నుంచి తెలంగాణలోని భద్రాద్రి, ములుగు జిల్లాల మిరప తోటలకు వచ్చే ఆదివాసీ మహిళలకైతే తెలుగు కూడా పరాయి భాషే. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ నడుమ ములుగు ప్రాంతపు మిరప పని నుంచి ఇంటికి నడిచి వెళుతూ దారిలో ప్రాణం వదిలిన పన్నెండేళ్ళ బాలిక ఆ దారిన వచ్చినదే. తెలంగాణ అథారిటీ వారు కూడా ఈ లేఖను తమకు రాసినదిగానే భావించవచ్చు.

మరి ఎవరు మాట్లాడాలి వీళ్ళతో? ఆలూరు, హాలహర్విలకు పొరుగునే ఉన్న బళ్ళారి జిల్లాలో 1985 నుంచి 1990 వరకు నిమ్‌హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెలకు చేర్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్ళారి నమూనాయే ఆధారం. మన పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ సాయంతో దిగులును, ఆందోళనను గుర్తించి వైద్యుడి దగ్గరికి పంపగలరని ఇటీవలి సంవత్సరాల్లో చేసి చూపించారు. కాబట్టి స్పెషలిస్టులు లేరన్న సాకు ఇక చెల్లదు. ముఠాలోనే ఉండే, నలుగురూ నమ్మే ఆడమనిషిని ఎంపిక చేసి శిక్షణ ఇస్తే ఆమె సుగ్గి అంతా వాళ్ళ వెంటే ఉంటుంది, వాళ్ళ కన్నడం కలిసిన తెలుగులోనే మాట్లాడుతుంది. ఒక్క షరతు: ఆమెకు జీతం ఇవ్వాలి. ఆదరణ ఆడవాళ్ళ సహజగుణమన్న పేరుతో వారి చేత గౌరవ వేతనానికి చాకిరీ చేయించే అలవాటును, కూలి మహిళల మానసిక ఆరోగ్యం పేరుతో ఇంకో మెట్టు పైకి తీసుకుపోవద్దు. ఆమె కోత మానుకుని మరొకరి గోడు వింటూ కూర్చుంటే పోయే కూలికి తగ్గకుండా ఆమెకు ముట్టాలి.

శిక్షణ పొందిన ఆ మనిషి విన్నదానితో ఏదైనా చేయగలగాలి కూడా. వేధింపు గురించి ఎవరైనా చెబితే దాన్ని కౌన్సెలింగ్‌తో సరిపెట్టకూడదు. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం పొలానికీ వర్తిస్తుంది. అసంఘటిత రంగ మహిళల కోసం జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలని, మండలానికొక నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలని అందులో ఉంది. మిరప పండించే మండలాల్లో ఆ అధికారి పేరు ఎంతమంది కూలి మహిళలకు తెలుసు? కోత సాగే కాలంలో ఆ పేరును, ఫోన్ నంబరును చేల దగ్గరే బోర్డు మీద రాయించడానికి పెద్ద ఖర్చు ఏమీ కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం గానీ, దాని స్థానంలో తెచ్చిన 2020 కార్మిక కోడ్ గానీ రాష్ట్రం సరిహద్దు దాటినవారినే వలస కార్మికులుగా చూస్తాయి కనుక, కోసిగి నుంచి పల్నాడుకు వచ్చే మహిళకు అవేవీ వర్తించవు. రాష్ట్రం లోపలే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వలస వచ్చే ఈమె పూర్తిగా మీ బాధ్యత, కేంద్రం మీదికి నెట్టే వీలు కూడా లేదు.

పసిపిల్లల సంరక్షణ గురించి ఒక్క మాట. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వారిని చూడడానికి ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలని చెప్పింది. మిరప చేలో గట్టు మీద గోనె సంచి పరిచి పడుకోబెట్టిన బిడ్డను గంటకోసారి తల తిప్పి చూసుకునే తల్లి ఆందోళనకు ఆ ఒక్క ఏర్పాటు చేసే మేలు ఏ మాత్రా చేయలేదు. కోత మండలాల్లో అంగన్‌వాడీ వేళలను చేను పని వేళలకు అనుగుణంగా మార్చినా చాలా భారం తగ్గుతుంది.

మగవాళ్ళకు ఈ బాధలు లేవా అని అడిగేవారు ఉంటారు. ఉన్నాయి, అప్పుకు జవాబు చెప్పవలసింది వాళ్ళే కాబట్టి చావులు కూడా వాళ్ళలో ఎక్కువగా నమోదవుతున్నాయి. వారి గురించి మరొకరు మరో లేఖ రాయాలి. నేను సంతోషంగా సంతకం చేస్తాను.

నా విన్నపం ఇది. ఈ ఏడాది దసరాకు ముందే, ముఠాలు బయలుదేరకముందే, ఆదోనిలో ఒక సమావేశం ఏర్పాటు చేయండి. పంపే జిల్లా, చేర్చుకునే జిల్లాల వైద్యాధికారులు, కార్మిక, వ్యవసాయ, స్త్రీ శిశు సంక్షేమ శాఖల వారు, మేస్త్రీలు, రైతు సంఘాల వారు రావాలి. వారి కంటే ఎక్కువ సంఖ్యలో సుగ్గికి వెళ్ళే ఆడవాళ్ళు రావాలి, వచ్చిన రోజుకు వారికి కూలి చెల్లించాలి, మేస్త్రీలూ భర్తలూ లేని గదిలో వారితో విడిగా మాట్లాడే సమయం ఉండాలి. మందులు ఏ పద్ధతిలో వెంట వెళతాయి, ఏ మండలంలో ఎవరు చూస్తారు, ముఠాకొక శిక్షణ పొందిన మహిళ ఎప్పటికి తయారవుతుంది, ఆమె జీతం ఏ పద్దు నుంచి వస్తుంది అన్నవి అక్కడే తేలాలి. మీ అథారిటీలో మానసిక అనారోగ్యాన్ని అనుభవించినవారికి చట్టమే స్థానాలు కేటాయించింది, వచ్చేసారి ఆ నియామకం జరిగేటప్పుడు అందులో ఒకటి వ్యవసాయ కూలి మహిళకు ఇవ్వండి. సమావేశం తేదీని మా మండలాల గ్రామ సచివాలయాలకు కనీసం పదిహేను రోజులు ముందుగా తెలియజేస్తే ఆడవాళ్ళను తీసుకువచ్చే పని మేము చూసుకుంటాం.

ఇట్లు,
కర్నూలు పడమటి మండలాల్లో కూలి మహిళలతో కలిసి పనిచేస్తున్న ఒక కార్యకర్త